చలిలో పెరిగేవి

జనవరి 19

వదినకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన రొట్టెల్లో సగం పై బెర్తు ఆయనకి పోయాయి. దారి పొడుగునా దగ్గుతూనే ఉన్నాడు, పాపం. మిగతా సగం తింటూ నీ గురించే ఆలోచించాను. పొగడ్త అనుకోకు. నీతో చెప్పవలసింది ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఫోనులో అయితే మనిద్దరం పోట్లాడుకుంటాం. పైగా నీ ఫోను ఎప్పుడూ అన్నయ్య చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.

బయల్దేరే రోజు మన ఫ్యాక్టరీలో అన్నయ్యకీ నాకూ జరిగిన రభస ఆయన వైపు నుంచి విన్నావు. నా వైపు నుంచి కూడా విను.

చీజ్ ఆరబెట్టే చల్లగదిలో ఫ్యాను నుంచి నీళ్లు కారుతున్నాయి. బొట్టుబొట్టుగా, అరల మీదుగా, చీజ్ ముద్దల మీదుగా, కింద మురుగు కన్నంలోకి. ఆ కన్నం పక్కన గోడకి సన్నటి జిగురు పొర పట్టి ఉంది. వేలు పెడితే జర్రున జారింది. ల్యాబ్ పెద్దాయన్ని అడిగాను, ఇక్కడి నుంచి ఎప్పుడైనా పరీక్ష తీశారా అని. ఆయన తీసిందల్లా ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టి మర్నాడు చూస్తారట. "మనిషి ఒంటి వేడి అంతే కదమ్మా. మనిషిని పట్టే క్రిమి మనిషి వేడికే కదా పెరగాలి" అన్నారు. తప్పు అనలేను. కానీ ఒక్క రోజులో గబగబా పెరిగేవి పళ్లెం నిండా పరుచుకుంటే, నెమ్మదిగా నడిచేది ఏ మూలో కనపడకుండా ఉండిపోతుంది. ఈ మాట అనగానే అన్నయ్యకి ముక్కు మీదకి కోపం వచ్చింది. "ఫ్రిజ్‌లో కూడా క్రిములు పెరిగితే ఇంక ఫ్రిజ్ ఎందుకే? నాన్న ఆ గది కట్టించిన దగ్గర్నుంచి ఒక్కడికి కడుపునొప్పి వచ్చిందా?" అన్నాడు, పనివాళ్లందరి ముందూ.

నా పట్టుదల ఆయనతో కాదు వదినా. నా భయమంతా మన పిచ్చుక గురించి. రెండుసార్లు కడుపు పోయి, మూడోసారి అయిదో నెల దాకా నిలిచింది. ఆ మొగుడేమో ఓడ ఎక్కితే ఆరు నెలలకి గాని దిగడు. నువ్వు నెలనెలా దానికి ఆ చీజే పంపుతున్నావు. నేను అనుమానిస్తున్న క్రిమి నీకో నాకో వస్తే రెండ్రోజుల జ్వరం. కడుపుతో ఉన్నవాళ్లకి వస్తే తల్లికి పెద్దగా ఏమీ తెలియదు. బిడ్డకి తెలుస్తుంది. నేను తేల్చి చెప్పేదాకా పిచ్చుకకి పంపకు. అన్నయ్యకి ఏం చెప్తావో నీ ఇష్టం.

ఇంకో సాయం. ఆ రోజు అరల మీంచి కొన్ని ముక్కలు తీయించి స్టీలు డబ్బాలో వేశాను. రెండు పగళ్ల రైలు ప్రయాణంలో వెచ్చబడితే పనికిరాదని, మీ వంటింటి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి వచ్చాను. మూత మీద నా చేత్తోనే "పరీక్షకి" అని రాశాను. ఫిబ్రవరి ఆఖరు దాకా అది చలిలోనే ఉండాలి. గడ్డ కట్టే పెట్టెలో పెట్టకు. కనీసం నాలుగు వారాల చలికి గాని మిగతా క్రిములన్నీ అణగిపోతాయి. అప్పుడు నేను వచ్చి తీసుకెళ్తాను.

అనవసరంగా భయపెడుతున్నానేమో. అలా అయితే అందరికంటే ముందు సంతోషించేది నేనే.

నీ ఆడపడుచు


జనవరి 30

ప్రొఫెసరమ్మ గారికి,

రాసిందంతా రెండుసార్లు చదివాను. ఒకసారి అర్థం కావడానికి, ఒకసారి కోపం రావడానికి.

మీ అన్నయ్య ఇంకా బుసలు కొడుతూనే ఉన్నారు. "చదువుకున్నవాళ్లకి కనిపించేది ఆనదు, కనిపించనిదే కనిపిస్తుంది" అంటారు. నువ్వు వచ్చిన ప్రతిసారీ కోడిగుడ్డు మీద ఈకలు పీకి వెళ్తావట. నేను నోరెత్తలేదు. నోరెత్తితే ఆడపడుచుని వెనకేసుకొచ్చిన మొదటి వదినగా నా పేరు ఎక్కడైనా చెక్కించాలి.

పిచ్చుకకి పంపడం మానేశాను. మిషను పాడైందని ఫోనులో చెప్పాను. "అమ్మా, మిషను పాడైతే నాన్న ఇంట్లో కూర్చుంటారు కదా, వెనక ఆయన కేకలు ఫ్యాక్టరీలోంచే వినిపిస్తున్నాయే" అంది. ఇలాంటి పిల్లకి అబద్ధం చెప్పమని పురమాయించావు.

నీ డబ్బా భద్రం. ఎదురుగా పాలగిన్నె అడ్డం పెట్టాను, ఎవరి చెయ్యీ పడకుండా. కరెంటు పోయినప్పుడల్లా చుట్టూ ఐసు ముక్కలు పేరుస్తున్నాను. ఆ డబ్బాకి జరుగుతున్న సేవ కొత్త పెళ్లికూతురిగా మీ ఇంటికి వచ్చినప్పుడు నాకు జరగలేదు.

ఒక్కటి చెప్పు. చలిలో క్రిమి పెరగడం నిజమేనా? మా అమ్మ కాలం నుంచీ చల్లగా ఉంచితే నిలవ ఉంటుందనే విన్నాం. నువ్వు చెప్తే నమ్ముతాను, కానీ అర్థమయ్యేట్టు చెప్పు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టు కాకుండా.

వదిన


ఫిబ్రవరి 6

వదినా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూంలో చదువుకుని పైకే నవ్వాను. పక్క బల్ల ఫిజిక్స్ ఆయన కళ్లజోడు తీసి మరీ చూశాడు.

పిల్లలకి చెప్పినట్టు చెప్పొద్దన్నావు గాని నాకు ఇంకో రకంగా చెప్పడం రాదు. మొదటి రోజు బోర్డు మీద మూడు గళ్లు గీస్తాను. మొదటి గడిలో చలిని ఇష్టపడేవి. మంచు కొండల్లో, సముద్రం అడుగున ఉంటాయి, వెచ్చబడితే చచ్చిపోతాయి. రెండోదాంట్లో మధ్యరకం, మన ఒంటి వేడికి హాయిగా బతికేవి. మూడోదాంట్లో వేడిని ఇష్టపడేవి. కుళ్లుతున్న చెత్తకుప్ప నడుమ చెయ్యి పెడితే చురుక్కుమంటుందే, ఆ వేడిలో సంసారం చేస్తాయి. మొన్న ఒక పిల్ల లేచి "మా హాస్టల్ వార్డెన్ ఏ గడిలోకి వస్తారు మేడం?" అంది. మూడో గడికి బయట, అన్నాను.

గళ్లు మాత్రం మనం గీసుకున్నవి. ఇన్నేళ్లుగా చెప్తున్నా ఆ గీతల మీద నాకు నమ్మకం కుదరదు. నేను అనుమానిస్తున్నది లిస్టీరియా అనే క్రిమి. దానికీ వెచ్చదనమే ఇష్టం. చలిని ప్రేమించదు, భరిస్తుంది. ఫ్రిజ్ చలికి తక్కినవన్నీ చేతులు ముడుచుకు కూర్చుంటే, అది మాత్రం చప్పుడు చెయ్యకుండా తన పని తాను చేసుకుపోతుంది. అందుకే ఆ డబ్బాకి చలి అంత ముఖ్యం. పోటీ లేకుండా పోయాక అసలు సంగతి తేటగా బయటపడుతుంది.

ఈ నెలాఖరుకి రాలేను. పరీక్షల డ్యూటీ వేశారు, మార్చి రెండో వారం దాకా కదలడానికి లేదు. డబ్బా గురించి బెంగపడకు. ఎక్కువ రోజులు చలిలో ఉంటే ఇంకా మంచిదే.

పిచ్చుకకి నా ముద్దులు. దాని తెలివి మీ ఇద్దరిలో ఎవరిదీ కాదని అన్నయ్యతో చెప్పు.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 24

ప్రొఫెసరమ్మా,

చలిని ప్రేమించదు, భరిస్తుంది అని రాశావు. ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. ఎవర్ని ఉద్దేశించి రాశావు? క్రిమి పేరు పెట్టి నన్నే అన్నావా? మీ నాన్నగారు బతికున్నన్నాళ్లూ ఈ ఇంట్లో చేతులు ముడుచుకోకుండా, చప్పుడు చెయ్యకుండా పని చేసింది నేనొక్కదాన్నేగా. నువ్వు మెచ్చుకున్నావో దెప్పావో తేల్చుకోలేక రెండు రోజులు నీకు రాయలేదు. సరే, పోనీ.

మంచి కబురు. పిచ్చుక మన దగ్గరే ఉంది. అల్లుడు ఓడ ఎక్కేశాడు. ఒక్కతే ఉండొద్దు, మంచం దిగొద్దు అని డాక్టరు చెప్పింది. మీ అన్నయ్య వెళ్లి తీసుకొచ్చారు. కిటికీ గదిలో పడుకోబెట్టాను. ఆరో నెల నడుస్తోంది. బిడ్డ తంతోంది. నా చెయ్యి పెట్టించుకుంది. మీ అన్నయ్య మాత్రం తలుపు దగ్గరే నిలబడి "ఏం, తంతోందా? తంతోందా?" అని అడుగుతారే గాని లోపలికి రారు. కళ్లలో నీళ్లు కనిపిస్తాయని.

దానికి ఏదీ సయించడం లేదు. పాలు చూస్తే వాంతి, పళ్లు చూస్తే మొహం తిప్పుకుంటుంది. చీజ్ మాత్రం కావాలని చంటిపిల్లలా పేచీ. కొత్తది పెట్టొద్దని నువ్వు అన్నావు కదా, పెట్టలేదు. మీ అన్నయ్య ప్యాకెట్ తెస్తే దాచేశాను. చివరికి నీ డబ్బాలోంచి కొంచెం కొంచెం రొట్టె మీద రాసి పెడుతున్నాను. అది నీ చేత్తో తీయించినదే, పైగా నెల రోజులు దాటింది చలిలో, క్రిములన్నీ అణగిపోయి ఉంటాయి. ఆలస్యమైతే ఇంకా మంచిదన్నావు కూడా. నీ పరీక్షకి సగం పైగా మిగిల్చాను, కంగారుపడకు. ఎంత ఇష్టంగా తింటోందో! నిన్న రెండు రొట్టెలు తినేసింది.

నువ్వు వచ్చేసరికి దాని బుగ్గలు చూద్దువుగాని.

వదిన


మార్చి 1

వదినా,

నిన్న ఫోనులో అరిచాను. నన్ను క్షమించు. నీ ఉత్తరం చేతిలో ఉండగానే చేశాను, చదవడం పూర్తి కాకుండానే. నువ్వు ఏడుస్తున్నావని తెలుస్తూనే ఉంది, అయినా ఆపుకోలేకపోయాను. అన్నయ్య ఫోను లాక్కున్నాక ఏమన్నానో నాకే గుర్తు లేదు.

ఇప్పుడు నెమ్మదిగా చెప్తాను. చలి దేన్నీ కడగదు. అణగిపోతాయని నేను రాసింది మిగతా క్రిముల గురించి. నేను వెతుకుతున్నది ఆ డబ్బాలో ఉంటే, మిగతావి ఆగిపోయిన చోట అది పెరుగుతుంది. పరీక్షలో కనిపించేంతగా పెరగాలనే చలిలో పెట్టమన్నాను. ఎక్కువ రోజులైతే మంచిదని రాసింది పరీక్షకి. తినడానికి కాదు. తినొద్దు అనే మాట నేను ఎక్కడా రాయలేదు. నా ఉత్తరాలు మనసులో మళ్లీ మళ్లీ చదువుకుని చూశాను, ఎక్కడా లేదు. ల్యాబ్‌లో ఎవరూ ఎవరికీ చెప్పని మాట అది. వంటింటికి రాస్తున్నానని మర్చిపోయాను.

అసలు అందులో అది ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా తిన్న ప్రతివాళ్లకీ రాదు. కానీ ఇది ఆగి చూసే వ్యవహారం కాదు. ఇందులో డాక్టరుకి వేరే కాగితం పెట్టాను. ఆ క్రిమి పేరు, అనుమానం ఎందుకో, ఏ మందు పనిచేస్తుందో అంతా ఉంది. పిచ్చుకకి జ్వరం లేకపోయినా తీసుకెళ్లు. ముందుగా మందు పడితే బిడ్డ దక్కే అవకాశం ఉంది. డబ్బా మూత పెట్టి అలాగే ఉంచు, నేను వచ్చి తీసుకుంటాను.

నా మీద కోపం తర్వాత తీర్చుకుందువుగాని. ముందు ఆస్పత్రికి.

నీ ఆడపడుచు


మార్చి 9

నీ ఉత్తరం అందింది.

ఇరవై ఏడేళ్లలో నన్ను మీ అమ్మ కూడా అంత మాట అనలేదు. "నువ్వు మనిషివేనా, కూతురికి విషం పెట్టావు" అన్నావు. నీకు గుర్తు లేదేమో. నాది గట్టిగా వినిపించే ఫోను, హాల్లో మీ అన్నయ్య విన్నారు, గదిలో పిల్ల వినలేదు, అంతవరకు నయం.

పిచ్చుకకి ఏమీ లేదు. జ్వరం లేదు. నవ్వుతోంది, పుస్తకాలు చదువుతోంది. నీ కాగితం మీ అన్నయ్యకి చూపించాను. "ఇది పట్టుకుని ఆస్పత్రికి వెళ్తే రేపు పొద్దుటికి ఊరంతా మన చీజ్‌లో పురుగులంటారు. దానికి ఒంట్లో బాగా లేకపోతే తీసుకెళ్దాం. బాగున్నదాన్ని తీసుకెళ్లి ఏం చెప్పమంటావు, మా చెల్లెలికి అనుమానం వచ్చిందని చెప్పనా?" అన్నారు. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అదే అన్నారు. మూడోసారి అడగలేదు.

డబ్బా సంగతి. నువ్వు ఫోను పెట్టేసిన గంటలోపు దాన్ని పారబోశాను. వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. అది ఇంట్లో ఉండగా నాకు ఊపిరాడలేదు. ఉంచమని నీ ఉత్తరం తర్వాత వచ్చింది.

ఇప్పుడు నువ్వు రావొద్దు. వస్తే అన్నాచెల్లెళ్లిద్దరూ పోట్లాడుకుంటారు, మధ్యలో పిల్ల నలుగుతుంది.

వదిన


ఏప్రిల్ 2

నీకు ఫోనులో మీ అన్నయ్య చెప్పారు. నేను మాట్లాడలేకపోయాను.

మగపిల్లాడు. అన్నీ ఏర్పడ్డాయి. గోళ్లు కూడా.

మొదట పిచ్చుకకి కొంచెం జ్వరం వచ్చింది, నడుం లాగుతోందంది. జలుబు అనుకున్నాం. జలుబే అనుకోవాలని అనుకున్నాం, నిజం చెప్పాలంటే. మూడో రోజు బిడ్డ కదలడం లేదమ్మా అంది. ఆస్పత్రికి వెళ్లేసరికి అయిపోయింది. దాని ప్రాణం దక్కింది, అదే గొప్ప అన్నారు.

తర్వాత డాక్టరు వచ్చింది. బిడ్డ రక్తంలో ఏదో దొరికిందని ఒక పేరు చెప్పింది. నీ కాగితంలో ఉన్న పేరే. "చల్లటివి ఏమైనా తిన్నావా అమ్మా, ఫ్రిజ్‌లో నిలవున్నవి?" అని అడిగింది. పిచ్చుక లేదంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. నా వైపు కూడా చూడలేదు. దానికి గుర్తు లేదు కాబోలు. డాక్టరు నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

మీ అన్నయ్య చీజ్ గదికి తాళం వేశారు. ఎవరూ చెప్పకుండానే. ఫ్యాక్టరీకి మాత్రం వెళ్లి వస్తున్నారు.

ఒకటి అడుగుతాను, కాదనకు. నన్ను నువ్వు అనాల్సినవన్నీ ముందే అనేశావు కాబట్టి నాకు ఇంక సిగ్గు లేదు. పిచ్చుక గోడవైపు తిరిగి పడుకుంటోంది. మొన్న ఉన్నట్టుండి "అమ్మా, అది మన ఇంట్లోంచే వచ్చిందా?" అంది. కాదన్నాను. నేను అంటే నమ్మదు. నువ్వు రాస్తే నమ్ముతుంది. మన చీజ్‌లో ఆ క్రిమి లేదని, నువ్వే పరీక్ష చేశావని రాయి. కాలేజీ పేరున్న కాగితం మీద రాయి, ముద్ర వేసి. నీకు తెలియనిది కాదు, దానికి మిగిలింది నేనొక్కదాన్నే. నా చేత్తో పెట్టిందే చంపిందని తెలిస్తే ఈ జన్మలో నా చేతి ముద్ద ముట్టదు.

గది ఎలాగూ మూసేశారు. ఇంక ఎవరికీ నష్టం లేదు.

వదిన


ఏప్రిల్ 12

వదినా,

నువ్వు అడిగిన కాగితం ఇందులో ఉంది. కాలేజీ పేరుంది, ముద్ర ఉంది, నా సంతకం ఉంది.

దాన్ని రాయడానికి పట్టిన టైములో ఒక పాఠ్యపుస్తకం రాయొచ్చు. పరీక్షే చెయ్యలేదు, డబ్బా కడిగేశావు, కాబట్టి అందులో ఉందని కూడా నేను ప్రమాణం చెయ్యలేను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సందేహపడటం నా వృత్తి. ఈసారి దాన్ని తప్పించుకోవడానికి వాడుకున్నాను, అంతే తేడా.

నిన్ను ఒక్కదాన్నే కాపాడుతున్నానని అనుకోకు. అరల మీద తక్కువగా ఉన్నదేదో ఉంటే, దాన్ని నెల రోజులు చలిలో పెట్టి పెంచమన్నది నేను, రావొద్దంటే ఆగిపోయింది కూడా నేనే. రొట్టె మీద రాసింది నువ్వు. కాగితం చూసి పక్కన పెట్టింది అన్నయ్య. మనం ముగ్గురం కలిసి చేసిన పని ఈ మధ్య కాలంలో ఇదొక్కటే.

ఒక్కటే షరతు. ఆ గది తెరవకూడదు. ఫ్యాను మార్చి, గోడలు గీకి, మురుగు కన్నం పగలగొట్టి కట్టించి, బయటివాళ్ల చేత పరీక్ష చేయించేదాకా తెరవకూడదు. అన్నయ్యకి నేను చెప్తే వినడు. నువ్వు చెప్పు. ఈసారి మూడోసారి కూడా అడుగు.

పిచ్చుకకి నా ముద్దులు అని ఎప్పుడూ రాసేదాన్ని. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

నీ ఆడపడుచు


మే 20

ప్రొఫెసరమ్మకి,

ఆలస్యమైంది. రాయడానికి మొహం చెల్లలేదు.

నీ కాగితం పిచ్చుక చదివింది. మడిచి దిండు కింద పెట్టుకుంది. మంచిదమ్మా, అంది. ఆ రోజు నా చేత్తో కలిపి పెడితే తింది. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నువ్వు చేసిన మేలు మర్చిపోను.

మిగతాది కూడా చెప్పాలి. నువ్వు వేరేవాళ్ల ద్వారా వింటే ఇంకా ఘోరం. రెండు వారాల తర్వాత మీ అన్నయ్య ఆ కాగితం దాని దగ్గర అడిగి తీసుకున్నారు. చూసి ఇస్తానన్నారు. ఆస్పత్రి వాళ్లు ఆ క్రిమి సంగతి పైకి రాశారట, పెద్ద కొట్లవాళ్లు సరుకు ఆపి, మీది శుభ్రమని ఎవరి చేతైనా రాయించి తెమ్మన్నారట. ఈయన నీ కాగితం చూపించారు. కాలేజీ ముద్ర చూశాక వాళ్లు ఇంకేమీ అడగలేదట. ఇప్పుడది అద్దం కట్టించి ఆఫీసు గదిలో మీ నాన్నగారి ఫొటో పక్కన తగిలించారు. వచ్చినవాళ్లందరికీ "మా చెల్లెలే, ఈ విద్యలోనే ప్రొఫెసరు" అని చూపిస్తున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ నీ గురించి ఆయన గర్వంగా మాట్లాడటం వినడం ఇదే మొదలు.

గది తెరిచారు. ఫ్యాను కింద రేకు ముక్క కట్టారు. నేను అడిగాను. మూడుసార్లు అడిగాను. "దాంట్లో ఏమీ లేదని చెల్లెలే రాసింది కదే, మళ్లీ నువ్వెందుకు?" అన్నారు. అప్పుడు నేనేం చెప్పను? అది అబద్ధం, నేనే రాయించానని చెప్పనా? ఆయనకి తెలియక కాదు. తెలిసే అడుగుతున్నారు నన్ను.

పిచ్చుక నీ దగ్గర కొన్నాళ్లు ఉండి వస్తానంటోంది. ఇక్కడ గాలి ఆడటం లేదట. వచ్చే వారం రైలెక్కిస్తాను. దాని ముందు ఏం మాట్లాడినా కాస్త చూసుకో.

వదిన


జూన్ 16

వదినా,

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆహార తనిఖీ శాఖ వాళ్లు ఫ్యాక్టరీకి వచ్చి ఉంటారు. నేనే రాశాను. అద్దం కట్టించిన కాగితం అబద్ధమని, దాన్ని నేను తెలిసే రాశానని కూడా రాశాను. కాలేజీలోనూ చెప్పాను. నా ఉద్యోగం సంగతి ఒక కమిటీ చూస్తుందట. చూడనీ.

ఎలా జరిగిందో చెప్తాను. పిచ్చుక వచ్చిన నాలుగో రోజు పాల కోసం మా వీధి చివర కొట్టుకి వెళ్లింది. పాలు తేలేదు. మన ఫ్యాక్టరీ చీజ్ ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇంత దూరం వస్తోందే మన సరుకు! నాన్నకి చెప్తే సంతోషిస్తారు" అంది. నేను ఏదో సర్దబోయాను. "అత్తా, దీన్ని నీ ల్యాబ్‌కి తీసుకెళ్దామా? నేనూ వస్తాను" అంది.

తీసుకెళ్లాను. ఈసారి నెల రోజులు ఆగనక్కర్లేకపోయింది. మొదటి వారంలోనే పళ్లేల మీద నల్లటి చుక్కలు తేలాయి. తనే వంగి చూసింది. "ఇంత చిన్నగా ఉంటాయా?" అంది. ఇది గుంపు, ఒక్కొక్కటీ కంటికి కనపడదు, అన్నాను. అలాంటప్పుడు కూడా నేను పాఠమే చెప్పాను వదినా.

అక్కడే, ఆ గాజు పళ్లేల ముందే, అంతా చెప్పేశాను. డబ్బా, చలి, నా ఉత్తరం, నా ఫోను, నేను రాసిన కాగితం. మధ్యలో ఆపలేదు. అంతా విని, "నాకు తెలుసు" అంది.

ఆ డబ్బా మూత మీద నా చేతిరాత చూసిందట, నువ్వు మంచం పక్కన కూర్చుని రొట్టె మీద రాస్తున్నప్పుడు. ఆ రోజు ఏమీ అనుకోలేదు. ఆస్పత్రిలో డాక్టరు చల్లటివి ఏం తిన్నావని అడిగినప్పుడు అర్థమైందట. "అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది అత్తా. కొంగు నలుపుతూ. అందుకే ఏమీ తినలేదన్నాను" అంది. తర్వాత మన ఇంట్లోంచే వచ్చిందా అని నిన్ను అడిగింది తెలుసుకోవడానికి కాదట. నువ్వు చెప్తావేమో, చెప్తే ఇద్దరూ కలిసి ఏడవొచ్చు అనుకుందట. నువ్వు కాదన్నావు. ఆ తర్వాత నా కాగితం వచ్చింది. "నాకు నవ్వొచ్చింది చదివితే. నువ్వు ఎప్పుడూ 'కనిపించలేదు' అంటావు గాని 'లేదు' అనవు. అంత గట్టిగా లేదని రాశావంటే ఉన్నట్టే" అంది. అయినా మడిచి దాచుకుంది. నీ చేతి ముద్ద తింది. నీ కోసం.

చూశావా, నువ్వూ నేనూ పిచ్చుకా ముగ్గురం ఒకరికొకరు తెలియనివ్వకూడదని ఎంత జాగ్రత్తపడ్డామో. ఆ జాగ్రత్త మీదే ఆ గది మళ్లీ తెరుచుకుంది. అలాంటి ప్యాకెట్ ఇంకే ఇంటికి పోయిందో, ఏ పిల్ల రొట్టె మీద రాసుకుందో నాకు తెలియదు, నీకు తెలియదు. పిచ్చుక అడిగిన ఒకే ఒక్క మాట అది. "ఇంకెవరైనా ఉంటారు కదా అత్తా?" ఉంటారన్నాను. "అయితే రాసెయ్" అంది. కాగితం అందించింది.

అన్నయ్య నాతో మాట్లాడడు. చెల్లెలు కక్ష కట్టి ఫ్యాక్టరీ మూయించిందని అందరికీ చెప్తాడు. చెప్పనీ. నువ్వు ఆయన వైపు నిలబడవలసి వస్తుందని కూడా తెలుసు. నాకు రాయడం మానేసినా నిన్ను తప్పుపట్టను.

పిచ్చుక ఇక్కడే ఉంటానంటోంది. అల్లుడు ఓడ దిగేదాకా అంటోంది గాని, తర్వాత కూడా అటు వస్తుందని నాకు అనిపించడం లేదు. తనకి నీ మీద కోపం లేదు. అదే నాకు భయంగా ఉంది. పక్క గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఉంది ఇప్పుడు. నీకు రాస్తున్నానని తెలుసు, ఏం రాశావని అడగలేదు.

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, తను ఓదారుస్తుంది, అంతటితో అయిపోతుంది. ఉత్తరం రాయి. నాకు కాదు. తనకి. రొట్టె మీద రాసి పెట్టిన రోజు నుంచి మొదలుపెట్టి రాయి.

నీ ఆడపడుచు